పువ్వు చూడకుండా పేరు రాయని మనిషి

అటెండర్ తాత పోయాడన్న కబురు సత్తుపల్లి నుంచి ఫోన్‌లో వచ్చింది. ఆయన కూతురు మా ఆయన సెల్‌కు చేసింది. "నాయిన పొద్దుగాల పోయిండన్నా. మీ ఇంట్ల వదినెకు చెప్పు. రెండు రోజుల నుంచి ఆమెనే అడుగుతుండె" అన్నదట. అప్పుడు నేను కిటికీ దగ్గర నిలబడి ఉన్నాను. కిటికీలో, కోసిన నూనె డబ్బాలో పెరుగుతున్న మొక్కకు కాడ లేచింది. కాడ కొసన మొగ్గలు తలలు వంచుకుని వేలాడుతున్నాయి. రెండేళ్లుగా తాత ఎదురుచూసిన పూత అది. ఆ సంగతి ఆయనకు ఎలా చేరవేయాలా అని వారం రోజులుగా ఇంట్లోకీ వాకిట్లోకీ తిరుగుతున్నాను. ఫోన్ చేసిపెట్టమని మా ఆయనను అడగలేకపోయాను. మొక్క మొగ్గ వేసిందని ఫోన్ చేయమంటే నవ్వుతాడనుకున్నాను.

"నన్ను ఏమని అడిగిండట?" అన్నాను.

"గది చెప్పలే" అన్నాడు మా ఆయన.

ఏమని అడిగి ఉంటాడో నాకు తెలుసు.

తాతకు మేము చుట్టాలం కాము. భద్రాచలం పోయే రోడ్డు మీద, అడవి మొదలయ్యే చోట ఉన్న చిన్న ఊరు మాది. మా ఇంటి వెనక గల్లీలో ఒక గది కిరాయికి తీసుకుని ఆయన ఒక్కడే ఉండేవాడు. జూనియర్ కాలేజీలో మొక్కల ల్యాబుకు ముప్పై ఏళ్లు అటెండరుగా చేసి రిటైరయ్యాడు. రిటైరైనా ఖాకీ చొక్కా మానలేదు. జేబులో పెన్ను, పెన్ను పక్కన దారం చుట్టిన సూది. కాలేజీ పిల్లలకు పరీక్షల్లో చూపించే ఎండు మొక్కలన్నీ ఆయన చేతిలో తయారైనవే. కొమ్మను పూతతో సహా కోసి, పాత పేపర్ల మధ్య పరిచి, పైన బండ పెట్టి, రోజూ పేపర్లు మారుస్తూ ఎండబెట్టాలి. ఎండాక తెల్లటి అట్ట మీద దారంతో కుట్టాలి. అక్కడ పాఠాలు చెప్పిన మేడం ఖమ్మంలో పెద్ద కాలేజీకి మారిపోయాక కూడా ఈ పని ఆయనతోనే చేయించుకునేది.

నా పెళ్లైన ఏడాది తాత కళ్లకు పొర వచ్చింది. సూదిలోకి దారం ఎక్కడం లేదు. నేను చీరలకు ఫాల్స్ కుడతానని ఎవరో చెబితే మా అత్తమ్మ దగ్గరికి వచ్చాడు.

"మీ కోడల్ని జర నా ఆకులు కుట్టిపెట్టమంటవా?"

"ఆకులు కుట్టుడేంది తాతా, ఇస్తరాకులా?"

"ఇస్తరి గాదు. ఇది తినేటందుకు గాదు, చూసేటందుకు."

"చూసేటందుకు కుట్టుడెందుకు? బయటికొస్తే అడివంత ఆకులే గద" అని మా అత్తమ్మ నవ్వింది. అయినా నన్ను పంపింది.

అలా మధ్యాహ్నం వంటపని అయ్యాక ఆయన గుమ్మం ముందు కూర్చుని ఆకులు కుట్టడం మొదలుపెట్టాను. ముడి వెనక వైపుకు రావాలి, దారం కాడను కోయకూడదు, పువ్వు మీదుగా పోకూడదు. అట్టలకు పురుగు పట్టకుండా మందు పూసేవాడు కాబట్టి, పని అవగానే సబ్బుతో చేతులు కడుక్కునేదాకా నన్ను ఇంటికి వెళ్లనిచ్చేవాడు కాదు. టీ పెట్టి సాసరులో పోసి ఇచ్చేవాడు. పేపర్లు మారుస్తూ వాటిలోని వార్తలు చదివేవాడు. అవి ఏడాది, రెండేళ్ల కిందటి పేపర్లు. "చూసినవా బిడ్డా, తుఫాను వస్తున్నదట" అనేవాడు. ఆ తుఫాను ఎప్పుడో వచ్చి పోయిందని నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. అయినా ఇద్దరం కాసేపు ఆకాశం వైపు చూసేవాళ్లం.

దారిన పోతూ ఎవరి కంచెలోనైనా కొత్త మొక్క కనిపిస్తే, ఇంటివాళ్లు బయటికి వచ్చేదాకా అక్కడే నిలబడేవాడు. అడగకుండా ఆకు తుంచేవాడు కాదు. మనుషులు ఎదురైతే బాగున్నావా అని అడిగే అలవాటు లేదు. "పూత చూసినవా?" అనేవాడు. దేని పూతో అవతలివాళ్లకు తెలియక, "ఆఁ, చూసిన తాతా" అని పోయేవాళ్లు.

ప్రతి అట్ట కింద కుడివైపున ఒక చీటీ అంటించాలి. పేరు, కుటుంబం, దొరికిన చోటు, తేదీ. నేను ఏడో తరగతి దాకా చదివాను. పేర్లు ఇంగ్లీషులో ఉండేవి, కూడబలుక్కుని కూడా చదవలేకపోయేదాన్ని. అయితే కొన్ని చీటీల్లో పేరు ఉండాల్సిన చోట తెలుగులో 'తెలియదు' అని రాసి ఉండేది. నెల రోజులు చూసి చూసి, తల ఎత్తకుండానే ఒకరోజు అడిగాను.

"ఇన్నేండ్లు చేసినవు గద తాతా, నీకు తెల్వనియి గూడ ఉన్నయా?"

"శానా ఉన్నయి బిడ్డా. తెల్వదని రాస్తే రేపు తెలిసినోడొచ్చి పేరు రాస్తడు. తప్పు పేరు రాస్తే ఇంక ఎవ్వడు మల్ల చూడడు. గదట్లనే ఉండిపోతది."

మామూలు మాటే. కానీ ఆ మాట నాకు ఎంత అవసరమో ఆ రోజు తెలియలేదు.

మా ఆయన భద్రాచలం నుంచి పర్ణశాలకు యాత్రికులను జీపులో తిప్పుతాడు. ఒకనాటి సాయంత్రం చిన్న ప్లాస్టిక్ గ్లాసులో ఒక మొక్క తెచ్చాడు. ఎవరో పట్నంవాళ్లు వెనక సీటు కింద మరిచిపోయారట. "పేరు తెల్వని చెట్టు తులసమ్మ పక్కన వద్దు" అని మా అత్తమ్మ అంటే, నూనె డబ్బాలోకి మార్చి కిటికీలో పెట్టాను. ఆకులు పొడుగ్గా, మందంగా ఉంటాయి. కింది వైపు ఊదారంగు మచ్చలు. అన్నిటికంటే వింత ఆకు అంచులు. అంచు పొడుగునా పూసలు గుచ్చినట్టు పిల్ల మొక్కలు. ఒక్కో దానికి రెండేసి ఆకులు, కింద వెంట్రుకలాంటి వేరు. ముట్టుకుంటే రాలిపోతాయి. రాలిన చోటల్లా మొలుస్తాయి.

ఆ చలికాలం మా వీధి చివర పంక్చర్ షాపు మామకు కిడ్నీలో రాయి అని తేలింది. నొప్పి వస్తే షాపులోనే నేల మీద పడి దొర్లేవాడు. ఒక మధ్యాహ్నం మా వాకిట్లో నలుగురు ఆడవాళ్లు కూర్చుని ఆ సంగతే మాట్లాడుకుంటున్నారు. మా అత్తమ్మ లోపలికి కేకేసింది.

"ఏమే, కిటికీల ఉన్నది రణపాలే గద?"

రణపాల ఆకు రాయిని కరిగిస్తుందని మా వైపు చాలామంది నమ్ముతారు. కల్లూరులో మా అమ్మగారింటి దగ్గర రణపాల చూశాను. దాని ఆకూ మందమే. ఇది అదేనా, కాదా అని నాకు తెలియదు. నలుగురి ముందు మాట పెంచడానికి మొహమాటపడి, "అవ్ అత్తమ్మా" అన్నాను. ఆ ఒక్క మాటతో ఆకులు నాలుగు ఇళ్లకు వెళ్లాయి. మా అత్తమ్మ చేయి పెద్దది. ఒకరికి ఇస్తే నలుగురికి ఇచ్చేదాకా ఊరుకోదు.

ఆ రోజుల్లోనే నా చేత్తో నేనే ఒక అట్ట తయారుచేసి తాతకు చూపించాలని ఆశ పుట్టింది. కిటికీలోని ఆకు ఒకటి తుంచి, పేపర్లో పెట్టి, బియ్యం డబ్బా కింద ఉంచాను. పది రోజుల తర్వాత తీసి చూస్తే ఆకు ఎండలేదు. అంచున ఉన్న పిల్లలు ఆ చీకట్లోనే తెల్లగా సాగి, పేపరు పొరల్లోకి వేళ్లు దించాయి. భయమేసింది, నవ్వూ వచ్చింది. అలాగే పట్టుకుని తాత దగ్గరికి వెళ్లాను.

తాత కూడా నవ్వాడు. "మరిగే నీళ్లల్ల ముంచలేదు గదా బిడ్డా? ఇసొంటి కండ ఉన్న ఆకు ఊకె సావదు. ముంచి తీసినంకనే పేపర్ల పెట్టాలె." తర్వాత ఆకును కళ్లకు దగ్గరగా పెట్టుకుని తిప్పితిప్పి చూశాడు. "యాడిది ఇది?"

"మా కిటికీలది తాతా. రణపాల."

"రణపాలని ఎవరన్నరు?"

"నేనే" అన్నాను.

"రణపాల ఆకు రాలి మన్నుల పడ్డంక పిల్లలు పెడతది. ఇది కొమ్మ మీద ఉండంగనే పెడుతున్నది. ఇది రణపాల గాదు."

"మరి ఏంది?"

"తెల్వదు."

అంతకుముందు చీటీల మీద చదివిన మాటే. ఆ రోజు మాత్రం ఆకులు వెళ్లిన నాలుగు ఇళ్లూ గుర్తొచ్చాయి. "తాతా, నాలుగిండ్లోళ్లు తింటున్నరు దీన్ని" అన్నాను. తాత చేతిలోని ఆకు పక్కన పెట్టాడు. లేచి చెప్పులు వేసుకున్నాడు.

"నడువు. నువ్వే చెప్పాలె. నేను పక్కన ఉంటా."

మొదట మా ఇంటికే వచ్చాడు. మా అత్తమ్మ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. "నువ్వే గదనే అవ్ అన్నది?"

"తెల్వకనే అన్న అత్తమ్మా."

"తెల్వకుంటే తెల్వదనాలె. నా పరువు తీసినవు గద." మూడు రోజులు నాతో మాట్లాడలేదు. కొన్నాళ్ల తర్వాత అదే మా అత్తమ్మ, ఎవరితోనో ఏదో మాట మీద, "మా కోడలు తెల్వకుంటే తెల్వదంటది, మీ లెక్క గాదు" అనడం విన్నాను. అప్పటికి కోపం పోయినట్టే.

మొదటి ఇంట్లో ముసలమ్మ ఆకును కాలి పుండు మీద కట్టుకుందట, తినలేదు. రెండో ఇంటామె సిగ్గుపడుతూ, "మీ అత్త ఇస్తే కాదనలేక తీసుకున్న, గోడ అవతల పడేసిన" అంది. మూడో ఇంటామె రెండు ఆకులు నమిలి, ఆ పూటంతా వాంతులు చేసుకుందట. "నిన్నటి చేపలు పడలేదనుకున్న" అంది. తాత నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను.

నాలుగోది పంక్చర్ షాపు. మామ పదిహేను రోజులుగా పొద్దున్నే రెండేసి ఆకులు తింటున్నాడు. పైగా షాపు వెనక పాత టైర్లలో మన్ను పోసి, రాలిన పిల్లలను వరసగా నాటుకున్నాడు.

"రాయి కదులుతున్నది తాతా. నాకు తెలుస్తున్నది."

"కదిలేది రాయేనని నీకెట్ల తెల్సు?"

"మందు పని చేస్తున్నది గద. తిన్నంక జర గుండె దడ దడ అంటది, గంతే."

తాత ముఖం మారింది. నా భుజం తట్టాడు. నేను చెప్పాను. ఇది రణపాల కాదని, నేను తెలియక అన్నానని, తినొద్దని. గొంతు ఎంత చిన్నగా వచ్చిందంటే మామ రెండుసార్లు చెప్పించుకున్నాడు.

"రణపాల గాకుంటే మరి ఏందో చెప్పు తాతా, మానేస్త."

"చెప్తా. పూత రానియ్. అప్పటిదాంక ముట్టకు."

"మీ మాట మీద ఆగుతున్న. పేరు తెచ్చేదాంకనే. మంచిదైతే మల్ల తింటా" అన్నాడు మామ. టైర్లలో మొక్కలు పీకేయమంటే మాత్రం పీకలేదు.

తాత ఒక ఆకును వేడినీళ్లలో ముంచి, ఎండబెట్టి, నాతో కుట్టించి ఖమ్మం మేడంకు పంపాడు. ఇలాంటివి రెండు మూడు రకాలున్నాయని, ఒకదాంతో ఒకటి కలిసినవీ ఉన్నాయని, ఖాయంగా చెప్పాలంటే పువ్వు కావాలని ఆమె జవాబు రాసింది. ఇక మాకు ఎదురుచూపులే మిగిలాయి.

ఆ రెండేళ్లు నాకు కాలు నిలవలేదు. కూరగాయలకు పోవాలంటే పంక్చర్ షాపు ముందు నుంచే పోవాలి. "పేరొచ్చిందా కోడలా?" అని మామ నవ్వుతూ అడిగేవాడు. నవ్వుతూ అడిగినా, నొప్పి వచ్చిన రోజున ఆ ముఖం ఎలా ఉంటుందో నాకు తెలుసు. సూది మందు వేయించుకుని, నడుము పట్టుకుని వచ్చి మళ్లీ టైరు ముందు కూర్చునేవాడు. పెద్ద దవాఖానా అంటే భయం ఆయనకు. వెనక టైర్లలో ఆ మొక్కలు ఏపుగా పెరుగుతున్నాయి. ఏదో ఒక రోజు చేయి చాపుతాడని నా భయం. రోజూ పొద్దున తాత మా కిటికీ బయట నిలబడి, ఖాకీ చొక్కా జేబు సవరించుకుంటూ మొక్కను చూసేవాడు. "ఇంకెప్పుడు పూస్తది తాతా?" అంటే, "దానికి తెలుసు. తొందరపెడితే మనం తప్పు చూస్తం" అనేవాడు. కోపం వచ్చేది నాకు. ఆయన మీదో, మొక్క మీదో, నా నోటి మీదో చెప్పలేను.

అయినా ఆ గుమ్మం ముందు కూర్చుంటే స్థిమితంగా ఉండేది. మా ఇంట్లో ఎవరూ నన్ను తిట్టరు, కొట్టరు. కానీ నా చేతిలో ఒక పని పెట్టి, దాని గురించి నన్నే అడిగిన మనిషి ఆయనొక్కడే. "ఈ కాడ ఏ వైపు వంగితే బాగుంటది, నువ్వే చెప్పు" అనేవాడు. నేను చెప్పిన వైపే వంచేవాడు.

దసరా వెళ్లాక తాతకు దగ్గు పట్టుకుంది. కూతురు వచ్చి సత్తుపల్లి తీసుకుపోయింది. మా ఆయన జీపులోనే బస్టాండు దాకా దించాము. బస్సు ఎక్కుతూ నాకు చెప్పాడు, "పూత వస్తే కాడతోని కొయ్యి. తడి పేపర్ల చుట్టు. నిలబెట్టి పట్టుకో, పండబెట్టకు. నాకు కబురు పెట్టు."

"పెడతా తాతా" అన్నాను.

పెట్టలేదు. మొగ్గ వేసిన రోజే ఫోన్ చేసి ఉంటే, ఆయన చెవిన పడి ఉండేది. చదివేవాళ్లు దీన్ని చిన్న విషయం అనుకోవచ్చు. నాకు అది ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

మూడో రోజున నేను, మా ఆయన, అత్తమ్మ సత్తుపల్లి వెళ్లాము. పంక్చర్ మామ కూడా జీపులో వచ్చాడు. కూతురు ఇంట్లో తాత మంచం ఎత్తి గోడకు ఆనించారు. ఖాకీ చొక్కా తీగ మీద ఆరేసి ఉంది. నేను కూతురితో, "మొక్క మొగ్గేసింది" అని మాత్రం అన్నాను. ఆమె నా చేయి పట్టుకుని ఏడ్చింది. తిరిగి వస్తుంటే మామ వెనక సీటులోంచి అన్నాడు:

"పేరు చెప్పేటోడే పోయిండు. ఇంక ఎవరి కోసం ఆగాలె? రేపటి నుంచి మల్ల మొదలుపెడత."

మా ఆయన, "గది వద్దు కాకా" అన్నాడు. మా అత్తమ్మ కూడా ఏదో అంది. మామ వినలేదు. జీపు అద్దంలో ఆయన ముఖం చూశాను. నొప్పితో విసిగిపోయిన ముఖం అది. తప్పు పట్టలేకపోయాను.

మర్నాటి పొద్దుటికి మొగ్గలు విచ్చాయి. ఎర్రబారిన చిన్న చిన్న గొట్టాలు, నోళ్లు కిందికి. కాడతో కోసి, తడి పేపర్లో చుట్టాను.

"అత్తమ్మా, నేను ఖమ్మం పోతున్న. మేడం దగ్గరికి."

"ఒక్కదానివా?"

"ఒక్కదాన్నే."

మా అత్తమ్మ టిఫిన్ డబ్బా కట్టి ఇచ్చింది. "బస్సు దిగినంక ఆడోళ్లనే అడుగు" అంది.

దారంతా కాడను నిలబెట్టి పట్టుకున్నాను. పక్కన కూర్చున్నవాళ్లు ఏ గుడికి అని అడిగారు. కాలేజీ గేటు దగ్గర వాచ్‌మన్ ఎవరు కావాలని అడిగితే, పేరు చెప్పడం తెలియక "మొక్కల మేడం" అన్నాను. మేడంకు తాత పోయిన సంగతి తెలియదు. నేనే చెప్పాల్సి వచ్చింది. ఆమె కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. తర్వాత ఒక పువ్వును బ్లేడుతో నిలువునా చీల్చి, భూతద్దం కింద చూసింది. ఆకు తెమ్మనలేదు, కింద మచ్చలున్నాయా అని మాత్రం అడిగింది.

"రణపాలకు చుట్టమే. కానీ ఇది వేరు. ఎక్కడో సముద్రం అవతల, మడగాస్కర్ అనే దీవిలో పుట్టింది. అందం కోసం పెంచుతారు. తెలుగులో దీనికి పేరు లేదమ్మా. ఇది తిన్న పశువులు గుండె ఆగి చచ్చిపోయిన సందర్భాలున్నాయి. మనుషులు తినకూడదు. ఆ రాయికి డాక్టర్ దగ్గరికే వెళ్లమను, ఏ ఆకూ వద్దు."

పేరు ఒక చీటీ మీద తెలుగు అక్షరాల్లోనే రాసి ఇచ్చింది.

మా ఊళ్లో బస్సు దిగి ఇంటికి పోలేదు. నేరుగా షాపుకే పోయాను. ఎవరో లారీ ట్యూబు ఇచ్చి నిలబడి ఉన్నారు. మామ నీళ్ల తొట్టిలో ట్యూబు ముంచి, బుడగలు ఎక్కడ లేస్తున్నాయా అని చూస్తున్నాడు.

"మామా, పేరు తెచ్చిన."

చీటీ ఇటూ అటూ తిప్పి నాకే ఇచ్చాడు. "చదువు మరి."

ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాను. పలికానో లేదో నాకే తెలియదు. మేడం చెప్పిందంతా చెప్పాను, గుండె సంగతి రెండుసార్లు. ఈసారి ఆయన మళ్లీ చెప్పమని అడగలేదు. లారీ మనిషి కూడా వింటున్నాడు.

"పొద్దుగాల రెండు తిన్న" అన్నాడు మామ మెల్లగా.

"ఇంక వద్దు మామా. మా ఆయన జీపు ఇప్పుడే తీస్తడు, భద్రాచలం దవాఖానాకు పోండ్రి. తిన్న సంగతి గూడ డాక్టర్‌కు చెప్పుండ్రి."

ఆయన ట్యూబు వదిలేసి వెనక్కి పోయాడు. టైర్లలోని మొక్కలన్నీ వేళ్లతో సహా పీకి, రెండు చేతులా పొదివి పట్టుకుని వచ్చాడు. వస్తుంటే ఆకుల అంచులు చొక్కాకు రాసుకుని, పిల్లలన్నీ జలజలా తొట్టిలో రాలాయి. ఆ నీళ్లు పారబోసిన చోటల్లా మళ్లీ మొలుస్తాయని, మొక్కలు కింద పడేసి దోసిలితో వాటిని తోడబోయాడు. సగం వేళ్ల సందుల్లోంచి జారి మళ్లీ నీళ్లలోకే పోతున్నాయి. నేను కొంగు నడుముకు చుట్టి, రోడ్డు పక్కన తొట్టికి ఇవతల గొంతుక్కూర్చుని, నీళ్లలో చేయి పెట్టాను. రబ్బరు వాసన వేసే నల్లటి నీళ్లు. వాటి మీద చిన్న చిన్న ఆకుపచ్చ ప్రాణాలు, ఒక్కోదానికి రెండేసి ఆకులు, కింద తెల్లటి వేరు వేలాడేసుకుని, నిటారుగా నిలబడి తిరుగుతున్నాయి.